నెమ్ము

మా యార్డులో తుమ్ముకి విలువ లేదు.
టిక్కీ మూతి విప్పితే తుమ్ము,
కాటా మీదికి ఎత్తితే తుమ్ము,
బాడిగైతే ఒకటి, తేజా అయితే మూడు.
"చిరంజీవ" అనే తీరిక ఎవరికీ ఉండదు.
శకునం చూసుకుని ఆగితే
ఒక్క లారీ కూడా ఏటుకూరు రోడ్డెక్కదు.

అందుకే పోయిన మాఘంలో
నాకు పట్టుకున్న తుమ్ము
మిరపదో, జబ్బుదో
తేల్చుకోలేకపోయాను.

ఇరవై రెండేళ్ళ గుమస్తాగిరీ నాది.
గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే చాలు,
గలగలమంటే ఎండిన సరుకు,
గొంతు బొంగురుపోతే నెమ్ము సరుకు.
నీళ్ళు చల్లిన టిక్కీని
కళ్ళు మూసుకుని పక్కన పెట్టించేవాణ్ణి.

సీజనంటే పడక ఉండదు.
రాత్రి పన్నెండుకి చిట్టా మూత,
నాలుగింటికి మళ్ళీ గేటు దగ్గర టీ, బీడీ.
నిద్రని అప్పు ఖాతాలో రాసుకున్నాను,
ఏప్రిల్ దాటాక తీర్చేద్దామని.
ఒళ్ళు కూడా కమిషన్ వ్యాపారే.
వడ్డీ సంగతి నోటితో అనదు,
పద్దులో వేసుకుంటూ పోతుంది.

చలిజ్వరంతో ఆటోలో పడేసి
నాగుల్ మీరా నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.
డాక్టర్ శేషుకుమారి గారు
ఫిల్ము కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి
"ఎడమవైపు నెమ్ము" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, దగ్గొచ్చింది.
ఆ నల్లటి బొమ్మలో తెల్లటి మచ్చ
అచ్చం తాలుకాయలా ఉంది.
ఊరందరి సరుకులో నెమ్ము పట్టినవాణ్ణి,
నా పక్కటెముకల గోదాములో
వారం నుంచి తడుస్తుంటే వినలేదు.

తొమ్మిది రోజుల మంచం.
చూడవచ్చినవాళ్ళందరూ తలో వైద్యం తెచ్చారు:
మా బావమరిది తొమ్మిదొందల డబ్బా పొడి,
పక్క మంచమాయన తిప్పతీగ ముక్క,
మా ఆవిడ మిరియాల చారు.
చారు మాత్రం తాగాను, బాగుంది గనక.

"రోగం రాకుండా బలం మందేదైనా రాయండమ్మా."
"బలం సీసాలో దొరికితే
మీ యార్డు పక్కన దానికీ ఒక యార్డుండేది" అన్నారావిడ.
"రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?"
నేను నేల చూశాను.
ఇరవై రెండేళ్ళలో
నన్ను ఎవరూ అడగని లెక్క అది.

మరోటి కూడా చెప్పారు.
పచ్చిమిర్చిలో సి విటమిన్ దండిగా ఉంటుందట,
కాయ ఎండేకొద్దీ సగం పైగా పోతుందట.
ఎన్ని లక్షల టిక్కీలు నా చేతుల మీదుగా పోయాయో!
కళ్ళంలో ఎర్రబడుతున్నది రంగనుకున్నాం,
ఎగిరిపోతున్నదేమిటో చూడలేదు.
ఇప్పుడు జేబులో జామకాయ.
పెన్నుకీ దానికీ చోటు చాలడం లేదు.

చేతుల సంగతీ అంతే.
మిరప చేతిని కంటికి తగలనివ్వం,
మంట పుడుతుందని పసివాడికీ తెలుసు.
క్రిమికి కారం లేదు. అదే దాని తెలివి.
అందుకే అన్నం ముందు సబ్బు.
హమాలీలు నవ్వితే నవ్వారు,
ఇద్దరు నా సబ్బే వాడుతున్నారు.

అన్నీ మారిపోయాయని అనను.
చలికాలానికి ముందు వేయించుకోమన్న సూది
రేపు రేపంటూ కార్తీకం దాకా లాగాను.
బీడీ మానాను, మళ్ళీ ముట్టుకున్నాను, మళ్ళీ మానాను.
పదింటికి పడుకున్నా
పన్నెండు దాకా కాటా ముల్లు కళ్ళలో ఊగుతుంది.
పాత అప్పు, ఒక్క వాయిదాలో తీరదు.

ఈ సీజను మొదటి వారం,
తొడిమలు తీసే వరసలో సలోమి దగ్గింది.
అందరూ దగ్గుతారు, ఎవరూ తల తిప్పలేదు.
నేను కలం ఆపాను.
గలగల కాదు ఆ చప్పుడు.
"ఎన్నాళ్ళ నుంచి?"
"ఘాటుకండీ, ఏం లేదు."
"రాత్రి కూడా?"
ఆమె పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆటోకి డబ్బులిచ్చి
ఆసుపత్రి గది నంబరు చీటీ మీద రాసిచ్చాను.
హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట
ఆ రోజుకీ, తర్వాతి మూడు రోజులకీ
పూర్తి కూలి వేశాను.

సేటు అడుగుతాడు.
అడిగితే
నెమ్ము సరుకు పక్కన పెట్టానని చెబుతాను,
ఆరాక తీసుకుందామని.