మూడుకీ నాలుక్కీ మధ్య

ఆటోనగర్లో వెనక వరస, చివరి షెడ్డు.
తలుపు లేదు,
గేరాయిల్ వాసనే మాకు తలుపు.

దమయంతి ఒక పెట్టె తెచ్చింది,
క్లచ్ తొక్కకుండానే గేరు పడే రేసు పెట్టె.
విప్పి బల్ల మీద పరిచాను.
ఇత్తడి రింగులు లేవు.

నలభై ఏళ్ళుగా నా వేళ్ళకి తెలిసిన రింగులు,
గిర్రున తిరిగే పళ్ళనీ, తాపీగా తిరిగే పళ్ళనీ
"ఉండండర్రా, ఒక్క క్షణం" అని బుజ్జగించి
ఒకే వేగానికి తెచ్చి చేతులు కలిపే
పెళ్ళిళ్ళ పేరయ్యలు.

వాటి చోట మొద్దు కొమ్ములున్నాయి.
"డాగ్ బాక్సు" అంది.
"కుక్కేటి?"
"కరిస్తే ఒదల్దు మేస్త్రీ, అందుకని."

నాకు నవ్వు రాలేదు. మోకాలు సలుపుతోంది.
వంతెన కట్టక ముందు ఎన్.ఏ.డి. కూడలిలో
తొక్కిన క్లచ్చంతా
ఈ ఎడమ చిప్పలోనే పోగుపడింది.
డాక్టరు ఫిల్మ్ ఎత్తి చూసి "అరిగిపోయింది" అన్నాడు,
క్లచ్ ప్లేటు చూసి నేననే మాటే,
అదే గొంతుతో.

"మూడు నించి నాలుక్కెళ్ళేలోపు నువ్వేం చేస్తావ్?"
కాలు దించుతాను. కర్ర మధ్యకి లాగుతాను.
అక్కడ ఏ పన్నూ ఏ పన్నునీ పట్టుకోదు.
ఇంజనుదో ఊరు, చక్రాలదో ఊరు.
బండి తన ఊపున తనే పోతుంటుంది,
అరక్షణం.

"ఆ అరక్షణంలోనే నన్ను దాటిపోతన్నారు" అంది.

ఏం చెప్పను దానికి?
లతీఫ్ భాయ్ పోయాడని కబురొచ్చినప్పుడు
నా చెయ్యి సరిగ్గా అక్కడే ఉంది,
మూడుకీ నాలుక్కీ మధ్య.
కార్‌షెడ్ జంక్షన్ దాటి
చాలా దూరం అలాగే పోయాను, ఏ గేరులోనూ లేకుండా.

పెట్టె బిగించి, తెల్లారగట్ల భీమిలి రోడ్డెక్కాం.
ఈ బండి కూయదు, పళ్ళు నూరుతుంది.
కర్రని వెనక్కి ఒక్క గుంజు.
ఇంజను రెప్పపాటైనా కాదు, ఊపిరి బిగబడుతుంది,
అప్పటికే నాలుగు.
మళ్ళీ గుంజు. ఐదు.
పక్క సీట్లో నా ఎడమకాలు
ఒట్టి రేకుని తొక్కుతూనే ఉంది,
ప్రతిసారీ ఆలస్యంగా.
ఎర్రమట్టి దిబ్బల దగ్గర తొక్కడం మానేసింది.
హాయిగానే ఉంది.
ఆ మాట పైకి అనలేదు.

తిరిగొస్తూ అడివివరం మీంచి
సింహాచలం కొండెక్కించాను.
రెండో మలుపులో ఆపమన్నాను.
దిగి, వెనక చక్రం వెనక
వేలెడు ఎడంగా అగ్గిపెట్టె పెట్టాను,
లతీఫ్ భాయ్ నాకు పెట్టినట్టే.
"ఇది చితక్కుండా కదులు."

నవ్వింది.

పరుగులో అక్కర్లేదు గానీ
నిలబడ్డ చోటు నించి మొదటి జానెడుకి
ఈ పెట్టెకీ క్లచ్ కావాలి.
అదేమో రేసు క్లచ్,
ఔను, కాదు, ఈ రెండే తెలుసు దానికి.

ఇంజను చచ్చింది.
మళ్ళీ చచ్చింది.
మూడోసారి బండి గొర్రెపొట్టేల్లా ఎగిరి ఆగింది.
కాలిన వాసన. వెనక అనాసపళ్ళ ఆటోవాడు
హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు.
దాని మెడ మీద చెమట.
"మడమ నేలకి ఆనించు. వేళ్ళతో విను" అన్నాను.
"ఏం వినాలి?"
అదే ప్రశ్న నేనూ అడిగాను.
భాయ్ కూడా జవాబు చెప్పలేదు.

ఐదోసారో, ఆరోసారో
బండి వణికి,
ముందుకీ వెనక్కీ కాకుండా
గాల్లో గద్దలా ఒక్క నిమిషం నిలబడి
కదిలింది.

అగ్గిపెట్టె ఒక మూల నొక్కుకుపోయింది.
పుల్లలు బానే ఉన్నాయి.
"ఇది లెక్కలోకొస్తాదా మేస్త్రీ?" కిటికీలోంచి అరిచింది.

బీడీ నోట పెట్టుకుని పుల్ల గీశాను.
కొండగాలికి ఆరిపోయింది.
ఇంకోటి తీశాను.