ఏడు లెక్కపెట్టేదాకా

నోట్లో నాలుక లేని పిల్లాడని
ఆఫీసులో ఎవరో అన్నారు.
ఉంది. నేను చూశాను.
మొదటి మంచు పడ్డ రోజు
బడి వెనక కంచె దగ్గర, అందరికీ వీపు తిప్పి,
నాలుక చాపి నిలబడ్డాడు మెర్హావి,
ఆకాశం రుచి ఎలా ఉందో ఎవరికీ చెప్పకుండా.

బ్రాండన్‌లో నవంబరు. రెండో తరగతి గది.
రేడియేటరు మీద ఆరుతున్న
ఇరవైరెండు జతల ఊలు తొడుగులు.

మొదట్లో నేను చేసినవన్నీ తప్పులే.
తలుపుకి డోర్, కిటికీకి విండో అని
గదంతా చీటీలు అంటించాను.
నిదానంగా, గట్టిగా మాట్లాడాను,
చెవుడు అతనికి కాదు నాకేనన్నట్టు.
ఒక సోమవారం అందరి ముందూ నిలబెట్టి
"నీకు ఇష్టమైన జంతువేది?" అని అడిగాను.
కోటు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.
సాయంత్రం గంట కొట్టేదాకా ఆ టోపీ పైకి లేవలేదు.
ఆ రాత్రి నాకు సూప్ సయించలేదు.

తర్వాత అడగటం తగ్గించాను.
హాజరు పిలిస్తే
పెన్సిలుతో బల్ల మీద ఒకసారి తట్టేవాడు.
టక్.
ఉన్నాను, అని.
పుస్తకంలో ఆ రోజు గడిలో టిక్కు పెట్టేదాన్ని,
రెండు చప్పుళ్ళూ ఒకేలా ఉండేవి.
అందరూ కలిసి చదివేటప్పుడు
అతని పెదవులు మా వెనకాల అర అక్షరం దూరంలో నడిచేవి,
పెద్దవాళ్ళ బూట్ల గుంటల్లో అడుగులేస్తూ
మంచు దాటే పిల్లాడిలా.

కష్టమల్లా బ్రిన్లీతో.
మంచి పిల్ల. మరీ మంచి పిల్ల.
అతని దాహం, అతని బాత్రూము,
అతనికి కావలసిన నీలం క్రేయాన్,
అన్నీ తనే చెప్పేసేది.
"వెయిట్" అనేదాన్ని.
వీపు వెనక వేళ్ళు మడుస్తూ ఏడు లెక్కపెట్టేదాన్ని.
ఏడు ఎంత పొడుగో
గదిలో అందరూ ఊపిరి బిగబడితే తెలుస్తుంది.
ఏడు అయ్యేది. ఏమీ జరిగేది కాదు.
సరేనని ఇంకో బొమ్మ చూపించేదాన్ని.

రిపోర్టు కార్డులో ఒక గడి: పాల్గొనడం.
"తక్కువ" అని రాసి, కొట్టేశాను.
ఊ కొట్టనివాడు కథ వినటం లేదని ఎవరన్నారు?
"వింటున్నాడు. నాకన్నా బాగా" అని రాస్తే
గడి చాలక అక్షరాలు అంచు మీదికెక్కాయి.

ఫిబ్రవరిలో తల్లిదండ్రుల సాయంత్రం.
ఆసుపత్రి లాండ్రీ నుంచి నేరుగా వచ్చింది లెత్తెబ్రహన్,
చేతులకి బ్లీచు వాసన.
వారం రోజులు కారులో సాధన చేసిన మాట ఒకటుంది నా దగ్గర,
వాళ్ళ తిగ్రిన్యాలో థాంక్యూ.
"యె..." అన్నాను.
తర్వాతి అక్షరం గొంతు అడుగున ఎక్కడో ఉంటుంది.
దగ్గొచ్చింది.
మళ్ళీ "యె..."
ముఖం వేడెక్కింది. నాకూ ఒక టోపీ ఉంటే బాగుండుననిపించింది.

తల్లి జాలిపడి అందించబోయింది.
మెర్హావి ఆమె వైపు చెయ్యి ఎత్తాడు.
"వెయిట్."

అయిదు నెలలకి విన్న గొంతు.
నేననుకున్నదానికన్నా బొంగురు.

చీకటి పడ్డ కిటికీ అద్దంలో అతని వీపు కనిపిస్తోంది,
వీపు వెనక ఒక్కొక్కటిగా మడుచుకుంటున్న వేళ్ళు.
నా వేళ్ళ సంగతి అతనికెలా తెలుసో
నాకిప్పటికీ తెలియదు.

ఆరు దగ్గర నాకు మాట దొరికింది,
సగం తప్పుగానే.
నవ్వలేదు. సరిదిద్దలేదు.
వేలితో బల్ల మీద ఒకసారి తట్టాడు.
టక్.