ఒక దెబ్బకి నొక్కు, రెండు దెబ్బలకి వదులు

పోయిన మంగళవారం బంజారాహిల్స్ దిగుడులో
కాలికింద పెడల్
పెరుగులో గరిటె దిగినట్టు దిగిపోయింది.
కట్టుబడి ఇంటి ముందున్న ఇసుక కుప్ప ఆపింది నన్ను.
బతికినందుకు ఎవరికి దండం పెట్టాలా అనుకుంటుంటే
వాచ్‌మన్ వచ్చి
"ఇసుక పైసలెవరిస్తరమ్మా?" అన్నాడు.
ఇచ్చాను. రెండొందల యాభై.
ఈ జీపు మీద ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుల్లో
దండగ అనిపించనిది అదొక్కటే.

ఇవాళ రాణిగంజ్ గల్లీలో
నాలుగు చెక్క దిమ్మెల మీదికి దాన్నెక్కించి
ఖైసర్ మియా వెల్లకిలా కిందికి జారాడు.
కాళ్లు మాత్రం బయట.
పాత గొట్టాలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి.
వెనక ఇరుసు దగ్గర, క్లాంపు కింద,
ఎవరికీ కనపడని చోటే తిన్నది తుప్పు.
గోటితో గీరితే తడి.
"యాభై ఏండ్లు పట్టుకున్నది మేడం,
దీన్ని తిట్టొద్దు."
నేనింకా తిట్టనే లేదు.

కొత్త పైపు చుట్ట విప్పి మోకాలికి ఆనించి వంచుతాడు,
వంపు వంపుకీ ఆగి పాతదానితో సరిచూస్తూ,
దర్జీ ఆది జాకెట్టు పక్కన పెట్టుకున్నట్టు.
కొసని పువ్వులా విప్పే పనిముట్టు వాళ్ల నాయనదట.
ముందు నట్టు ఎక్కించాలి, తర్వాతే పువ్వు విప్పాలి.
మరిచిపోతే మళ్లీ మొదటికే.
ఇవాళ ఒకసారి మరిచిపోయాడు.
నావైపు చూడకుండా కొస కోసేశాడు.
నేనూ చూడనట్టే చాయ్ తాగాను.

పాత నూనె ఒలికిన చోట
బానెట్ పక్కన తెల్ల రంగు పొరలుపొరలుగా లేచింది.
దాని కింద పచ్చ, పచ్చ కింద ఇంకో పచ్చ,
ఆ కింద సగం అంకె. ఏడో, ఒకటో.
ఎవరి లెక్కలో ఎన్నో బండో ఇది,
ఏ వాగులో ఎవర్ని దించిందో.
వేలంలో నాకిచ్చింది ఒక్క కాగితం,
అందులో రంగు "వర్తించదు" అని రాసుంది.

ఇక గాలి తీయాలి.
ఒక్కరితో అయ్యే పని కాదు.
మియాకి కుడి చెవి వినపడదు,
ఎడమ చెవి ఇష్టమైనప్పుడు వినపడుతుంది.
"ఛాసిస్ మీద ఒక దెబ్బకి నొక్కు,
రెండు దెబ్బలకి వదులు.
చెప్పులు విప్పు, కాలికి తెలియాలె."

దూరపు చక్రం ముందు.
టంగ్.
నొక్కి పట్టుకుంటాను.
కింద ఎక్కడో పానా తిరుగుతుంది,
పాదం దానంతటదే మునుగుతుంది,
సీసాలో బుడగలు.
టంగ్ టంగ్.
వదులుతాను.
"నూనె నలగదు మేడం, గాలి నలుగుతది.
చుక్కంత గాలి చాలు,
నీ బలమంతా దాన్ని నలపడానికే అయిపోతది."
ఆ మాట బండి గురించే అన్నాడు.
టంగ్.

నాలుగో చక్రం దగ్గర, ఎన్నోసారో,
పాదం కింద ఏదో నిలబడింది
తలుపు అవతలి నుంచి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు.
రెండు దెబ్బలు వినపడ్డా
కాసేపు వదలబుద్ధి కాలేదు.

"నువ్వే నడుపు" అని
గల్లీ చివరి గోడకి వీపు ఆనించి నిల్చున్నాడు.
బీడీ ముట్టించాడు. "రా."
ప్రతి బండికీ ఇంతేనట, చాయ్ తెచ్చే పిల్లాడు చెప్పాడు.
"పక్కకి జరుగు మియా, నాకు భయం" అని అరిచాను.
తల తిప్పి కుడి చెవి చూపించాడు.

మొదటి గేరు.
రెండో గేరు.
ఉత్త పాదం.

బంపర్‌కీ అతని మోకాళ్లకీ మధ్య మూరెడు చోటు.
వంగి అందులోంచి చూశాడు,
నన్ను కాదు, చక్రం వెనక నేలని,
చుక్క పడిందేమోనని.
"హ్యాండ్‌బ్రేక్ ఇంకా సుస్తుగ ఉంది. ఆదివారం తీసుకురా."

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు
కిందికి చూసుకుంటే
చెప్పులు లేవు.