లీకు వినే కడ్డీ

ఇరవై ఆరేండ్లుగా తిరపతికి నీళ్ళు వదిలే లైన్‌మన్ని నేను.
కొర్లగుంటకు మాపు, జీవకోనకు తెల్లార్జామున నాలుక్కి.
ఏ వీధి కింద ఏ పైపు ఎట్లా వంకరపోయిందో
నా కాళ్ళకు తెలుసు.

డాక్టరమ్మ తెల్లకాయితం మీద గీసి చూపించింది.
సుబ్బరత్న కడుపులోని గడ్డ
తన రక్తనాళాలు తానే వేసుకుంటాదంట,
ప్లానూ లేదు, పర్మిషనూ లేదు.
ఒకటి గుడ్డిసందులో ఆగిపోతాది,
ఒకటి తిరుక్కోని తన మీదికే వస్తాది,
అన్నీ కారతానే ఉంటాయి.
"దొంగ కనెక్షన్లు" అన్నా నేను.
ఆమె నవ్వి పెన్ను మూత పెట్టింది.

"అయితే మెయిను కట్టేసేదే గదా మేడం, ఎండి చస్తాది."
"అట్లా చస్తే నాకూ పని తప్పును" అనింది.
ఎండిన చోట గాలాడదంట.
గాలాడని కణానికి కరెంటు పెట్టినా
బండ మీద వాన మాదిరి జారిపోతాదంట.

అందుకని ముందు సూదిమందు.
కారే నాళాలను పెరికేసి, వంకర్లు తీసి,
మిగిలిన నాలుగింటిని కుదురు చేస్తాది.
కొన్ని దినాలు, కొన్ని దినాలే,
గడ్డకు నికరంగా ఊపిరి అందుతాది.
ఆ సందులో కరెంటు.
సందు దాటితే ఆ మందే అన్నీ మూసేస్తాది,
మళ్ళా బండే.
అందరికీ పని చేస్తాదని చెప్పలేనని కూడా చెప్పింది.

ఆటోలో సుబ్బరత్న శానాసేపు మాట్లాడలే.
లీలామహల్ సర్కిల్ కాడ అనింది:
"దాన్ని చంపేదానికి ముందు దానికే ఊపిరి పొయ్యాలనా?"
"ఊ."
"మీ మున్సిపాలిటీ తెలివే."

కరువేడు ట్యాంకరెక్కి నా చేతిలో పైపు లాక్కోని
చొక్కా అంతా తడిపిన మనిషి.
మా పెండ్లి కుదిరింది ఆ తడి మీదనే.

రెండో సూదికి బీపీ ఎక్కింది.
పసుపు తువ్వాలు మీద ముక్కురక్తం.
లీకులు మూస్తే ప్రెషరు పెరగతాదని
నాకు ఒకరు చెప్పాల్నా?

కరెంటు గది తలుపు శానా మందం.
నాదముని లోపల ఆమెను పండబెట్టి,
పొత్తికడుపు మీది మూడు పచ్చబొట్టు చుక్కలు సరిచూసి,
బయటికొచ్చి తలుపేస్తాడు.
వరండాలో నేను వాల్వు తిప్పినట్టు లెక్కబెడతా.
జీవకోనకు పద్దెనిమిది తిప్పులు.
ఆమె ఒకోసారి పదిహేడుకే బయటికొస్తాది,
ఒకోసారి నేనే లెక్క తప్పతా.

మా పనిలో ఒక ఇనప కడ్డీ ఉండాది.
ఒక కొస నేలకి, ఒక కొస చెవి ఎముకకి.
ఊరు సద్దుమణిగినాక
కింద ఏడ కారతా ఉండాదో వినపడతాది.

నిన్న రాత్రి ఆమె నిద్రపోయిందనుకోని
కడ్డీ లేకుండానే చెవి పెట్టినా.
పేగులు ఏందో గొణుక్కుంటా ఉండాయి.
ఏది మంచి పారకమో, ఏది దొంగ పారకమో
ఇన్నేండ్ల చెవికి అంతుబట్టలే.

"ఏమన్నా వినపడిందా, లైన్‌మన్?"
చీకట్లో ఆమె గొంతు.
"నాలుక్కావస్తా ఉండాది" అన్నా.
"పో మరి. జీవకోనలో బిందెలు పెట్టుకోనుంటారు."