తలకట్టు

సత్యవేడు దాటి, గేటు కాడ ఫోటో దిగి,
మెడలో తాడేసుకోని లోపలికి పోయినా.
నా రంగుల డబ్బాలకీ పాసు రాసిచ్చినారు.
ముప్పై ఏండ్లుగా బోర్డులు రాస్తాండా:
చిత్తూరు జవుళి కొట్లకి, లారీల నుదుటికి,
బెల్లం మండీ గోడలకి.
తెలుగో, అరవమో, ఇంగిలీసో
చదువుకునేది చెయ్యి. నేను కాదు.

ఈ గోడమీది అచ్చరం మాత్రం చెయ్యి ఎరగదు.
ఎండకి పొరలు పొరలుగా లేచిపోయుండాది.
"ఉన్నదున్నట్టు దిద్దు, చాలు" అన్నాడు
స్టోరు రాజమన్నారు.

ముందు నెత్తిన చుక్క.
ఎడమన కురచ గీత.
అడ్డంగా పోయి కుడికొసన వంగే గీత.
ఓహో, తలకట్టే గదా అనుకున్నా,
మన 'మ' నెత్తిన పెట్టేదే.
కాకపోతే వీళ్ళది పెద్దది,
కింద సంసారం చేసుకునేటంత.

చైనా ఇంజనీరమ్మ ఫాంగు
నిచ్చెన కింద నిలబడి ఏదో అనింది.
ఆమె చేతిలో ఫోను తెలుగులో పలికింది:
పైది ఇంటికప్పు.
కిందుండేది ఆడమనిషి.
రెండూ కలిస్తే నెమ్మది.
'ఆన్' అని ఆమె నోరు కొంచెమే తెరిచి చూపించింది,
పసిబిడ్డకి ముద్ద పెట్టేటప్పుడు తల్లి తెరిచినట్టు.

కొరియా బే సారు ఆగి చూసినాడు.
వాళ్ళ దేశంలో మనిషి ఎదురైతే
పలకరింపు ఈ అచ్చరంతోనే మొదలంట.
రాసేది మానుకోని శానా కాలమైందంట,
నోట్లో మాత్రం మిగిలిందంట.

వియత్నాం పిల్లోడొకడు,
మీసం ఇంకా సరిగ్గా రాలేదు, పేరు ఆన్.
బళ్ళో వేరే లిపి నేర్చినోడు.
తన పేరు కిందే నిలబడి
ఇదేందని నన్నడిగినాడు!

అందరికన్నా ఆఖర్న వచ్చినాడు
జపాను ముసలాయన హిరాయమ.
మెడ పక్కకొంచి, నవ్వి,
మా అంగళ్ళల్లో ధర చీటీల మీద కూడా ఇదే అన్నాడు.
యాసుయి.
చవక.

నిచ్చెన దిగి బీడీ కోసం జేబు తడుముకున్నా.
లోపల బీడీ కూడదని అప్పుడు గుర్తొచ్చింది.
చవక! నేను రాయని మాటా అది?
ఆడి నెల వస్తే ఎర్రరంగు దొరికేది కాదు.
చీరలు చవక, స్టీలు చవక,
ఒకసారి తొందరలో 'చ'కి కొమ్ము పడి
షావుకారు సగం కూలి పట్టుకున్నాడు.

గంట మోగింది.
నీలం టోపీల ఆడపిల్లలు, ఐదారొందల మంది,
నాగలాపురం బస్సుకి కొందరు,
వరదయ్యపాళెం బస్సుకి కొందరు.
వాళ్ళకొచ్చే జీతం నాకు తెలుసు.
మా తమ్ముని కూతురు జ్ఞానసుందరి
టిఫిను డబ్బా ఊపుకుంటా వచ్చింది.
విన్నదంతా చెప్పినా.
తలెత్తి గోడని చూసింది,
గుడ్డలో నేత తప్పు వెతికే కన్నుతో.

"ఆమె ఇంట్లో కూచుంటే
నెమ్మది ఎవురికి పెదనాయనా?"
అని, మళ్ళీ తనే,
"దీన్ని రాసినోడు
ఇంటి బయట నిలబడి రాసుంటాడులే."
బస్సు హారను కొట్టింది. పరిగెత్తింది.

ఒక్క గీత మిగిలుండాది, అడ్డగీత.
పాత రంగు జాడలో అది
కప్పుకి రెండుపక్కలా దాటిపోయుంది.
పొద్దున చూసి, ఎవుడో తప్పు రాసినాడు,
లోపలికి ఇమిడిస్తాం అనుకున్నా.
హద్దు దాటనిదే నా చేతికి పేరు.

ఊపిరి బిగబట్టి
ఎడమ చూరు బయట కుంచె ఆనించి
కుడి చూరు అవతలిదాకా లాగినా.
చేతులు చాపుకున్నట్టే ఉండాది.
వానొస్తాందా అని చూసేదానికో,
కప్పునే పక్కకి నెట్టేదానికో,
నాకేం తెలుసు, నేను బోర్డులోణ్ణి.

దిగి, అట్టముక్క మీద
నాకొచ్చిన అచ్చరాలతో రాసి కిందపెట్టినా:
రంగు పచ్చిగా ఉంది,
ఎవురూ చెయ్యి వెయ్యొద్దు.