హార్మోనియానికి లగేజీ టికెట్టు

సంగంలో ఎక్కాను. కండక్టరు ఖాజావలి
పెట్టెను కాలితో తట్టి
"ఇదేంది పెద్దాయనా, కుట్టుమిషనా?" అన్నాడు.
పాడేది, అన్నాను.
పాడినా కుట్టినా లగేజే, ముప్పై ఇమ్మన్నాడు.

బుచ్చిలో జనం తోసుకొని ఎక్కితే
ఒళ్ళో పెట్టుకున్నా,
జొరం బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టు.
పెన్న దాటుతుంటే వాన.

ఆత్మకూరు బస్టాండులో దిగి
టౌన్‌హాలుకు ఎంత అంటే
ఆటో పెంచలయ్య మబ్బు వైపు చూసి రేటు చెప్పాడు.
నిండా ఫర్లాంగు పోలేదు,
రైలుకట్ట కింద మోకాటి లోతు నీళ్ళు.
అవతల దీపాల ట్రంకురోడ్డు.
ఇవతల హారన్లు, ఒక్కటీ శ్రుతిలో లేదు.

ఏడున్నరకు తెర. ఏడూ పది.
పంచె ఎగ్గట్టి పెట్టె నెత్తికెత్తుకున్నా.
"పడేవు, జాగర్త" అంటా
పెంచలయ్య కూడా దిగాడు
సెల్లు లైటు నా కాళ్ళ ముందు పట్టుకొని.

సగంలో ఉండగా పైన గూడ్సు.
వంతెన వణికింది. నా నెత్తి వణికింది.
పెట్టెలో ఏదో ఒక రీడు
ఎవరూ నొక్కకుండానే
సన్నగా మూలిగింది.
"అది పలికింది" అన్నాడు పెంచలయ్య.
బండి మొత్తం పోయేదాకా
కదల్లేదు మేం.

టౌన్‌హాలు ముందు కార్లు
చోటు దొరక్క చుట్లు తిరుగుతున్నాయి.
నేను వెనక వాకిలి గుండా, తడికాళ్ళతో.
కృష్ణుడు బీడీ ఆర్పి
"ఇంతసేపా?" అన్నాడు.

తెర లేచింది.
మంద్రంలో ఒక మెట్టు తడిసి అంటుకుపోయి
ఎంతకీ పైకి రాలేదు.
పద్యం పొడుగునా అది మోగతానే ఉంది.
మూడో వరసలో
పెంచలయ్య ఒక్కడే నవ్వుతున్నాడు.
ఆటో ఏం చేశాడో
నేను అడగలేదు.