కాకరకాయ కార్నర్

మస్కట్‌ల వాన ఏడాదికొక్కపారి.
మిగిలిన దినాలు నా చేతులనే పడుతది.
అమెరాత్ నల్లగుట్టల నడుమ
నీలిరంగు ప్లాస్టిక్ గడ్డికి
ఆటకు పావుగంట ముందు
నీళ్లు కొట్టుడు నా నౌకరి.
తడవకుంటే బంతి ఎగురుతది,
పడ్డోని మోకాళ్లు కాలుతయి.
ఊర్ల మడి ఎండి ఇటొచ్చినోన్ని,
ఏమీ మొలవని గడ్డికి
రోజుకెన్ని ట్యాంకర్లు తాపుతున్ననో
ఇంటోల్లకు ఇప్పటిదాంక చెప్పలే.

ఎబినేజరు సారు వచ్చింది మే నెలల.
సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్ల మనిషి,
ఒకప్పటి గోలీ, ఎడమ మోకాలు వంగదు.
మొదటినాడే బంతులన్నీ గోనెసంచిల మూటగట్టి
నా పంపు రూముల పెట్టి తాళమేసిండు.
ఇరవై దినాలు బంతి లేని హాకీ!
ఎవడు యాడ నిలబడాలె,
ఎవడు కదిలితే ఎవనికి తొవ్వ దొరుకుతది,
గదే లెక్క, గదే ఆట.
ఫెడరేషన్ పెద్దమనిషి తెల్ల దిష్‌దాషాల వచ్చి
"బంతులకు పైసలు తక్కువైనయా?" అని అడిగిపోయిండు.

ఖల్ఫాన్‌ది సూర్, తండ్రికి చేపల పడవ.
మర్‌హూన్ ఫైరింజన్ నడుపుతడు.
యాఖూబ్ బలూషి పోలీసు,
డ్యూటీ దిగి ఆ బూట్లతోనే ఉరికొచ్చేటోడు.
ఇషా నమాజు అయినంకనే లైట్లు ఏసేది.
సారు నోరెత్తి తిట్టంగ నేను చూడలే.
తప్పు చేసినోని పక్కకు పోయి నిలబడుతడు,
వాని ఎగపోత ఎంతసేపటికి దిగుతదో
గడియారంల చూస్తడు, నోటుబుక్కుల రాసుకుంటడు.
తిట్టినా బాగుండు అనేటోళ్లు పోరగాళ్లు.

ఒకనాడు రాత్రి
నా టిఫిను డబ్బ కాడికొచ్చి కూసున్నడు.
"లస్మయ్యా, ఏం కూర?"
"కాకరకాయ, సార్."
తిని, వేళ్లు నాకి, ఊకున్నడు కొంచెంసేపు.
తెల్లారి పెనాల్టీ కార్నర్లకు పేర్లు పడ్డయి.
బెండకాయంటే సీదా గోలుకు.
దోసకాయంటే ఎడమకు జారిచ్చుడు.
కాకరకాయంటే
కొట్టేటోడు కొట్టడు,
ఉత్తగ కట్టె ఊపి బంతి మీదికెళ్లి దుంకుతడు,
ఎనుకనుంచి ఇంకోడొస్తడు.
అరబ్బీల అంటే చుట్టుపక్కలోల్లకు తెలుస్తది,
హిందీల అంటే సగం ఆసియాకు.
తెలుగు సారుది, నాది.

రెండేండ్లు నడిచింది ముచ్చట.
ఖల్ఫాన్ గొంతు చించుకొని "కాకర్కాయ్!" అంటే
ఎదుటి జట్టు కట్టె దిక్కే చూసేది,
బంతి ఎప్పుడో వలల ఉండేది.
నేను పైపు పట్టుకొని
ఎవరికీ చెప్పరాని సంబురం.

మన దేశం జట్టొచ్చినప్పుడు తెగింది.
ఆళ్ల ఆఖరి డిఫెండరు, బక్కపలచని పోరడు,
మాట ఇనంగనే ఫక్కున నవ్విండు.
దుంకినోన్ని వదిలేసి
ఎనుకొచ్చేటోనికి అడ్డం నిలబడ్డడు.
నాలుగుసార్లు. నాలుగుసార్లూ నవ్వుకుంటనే.
ఆట అయినంక సారు కుంటుకుంట ఆ పోరని కాడికి పోయిండు.
"ఏ ఊరు బాబూ?"
"తుని, సార్."
భుజం తట్టి,
మీ అమ్మ కాకరకాయ పులుసు పెడుతదా
ఏపుడు చేస్తదా అని అడిగిండు.
అయిదు గోల్స్ తేడాతో ఓడిన మనిషి!

తొమ్మిదేండ్ల కొలువు మూడు వరుసల ఉత్తరంతో అయిపోయింది.
నోటుబుక్కులు ఖల్ఫాన్‌కిచ్చిండు.
నాకు గోనెసంచి తాళంచెవి.
సంచి ఎన్నడో చినిగింది, తాళం ఉన్నది.
ఇప్పుడొచ్చిన కోచ్ కంప్యూటర్ల చూస్తడు ఎగపోత,
మంచోడే, నీళ్లు తక్కువైతే మాత్రం ఊకోడు.

మొన్న రూవిల కూరగాయల దుకాణం కాడ
ఖల్ఫాన్ కలిసిండు. చిన్నపిల్లలకు నేర్పుతున్నడట.
నా సంచిలకు తొంగిచూసి
"కరేలా?" అన్నడు.
"అవు. గదే కాకరకాయ."
ఒకటి చేతిలకు తీసుకున్నడు.
గరుకు మీద బొటనవేలు రాసిండు,
అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.
"ఇంత చిన్నదా?" అన్నడు.